ఆ జిప్ ఎవరు కిందికి లాగారు?

(వీడియో గేములకు మనుషుల బొమ్మలు తయారుచేసే ఒక క్యారెక్టర్ ఆర్టిస్ట్ హనుమకొండలోని ఒక గ్రంథాలయం హాల్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలతో, వాళ్ళ అమ్మానాన్నలతో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తప్ప మరేమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో పెద్దవాళ్ళు కూర్చున్నారు, వెనక పిల్లలు కూర్చున్నారు. నేను ఈ రోజు మాట్లాడేది రెండు వరసలవాళ్ళకీ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. ఆడవాళ్ళ ఒంటి గురించి మాట్లాడాలి, కోరిక గురించి మాట్లాడాలి. పిల్లల ముందు ఇవేం మాటలు అని మీకు అనిపించవచ్చు. అమ్మా, ఆ పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లలోకి ఆ బొమ్మలు ఎప్పుడో వచ్చేశాయి. వాటి గురించి మాట్లాడుకునే మాటలే ఇంకా ఇళ్ళలోకి రాలేదు. అందుకే వచ్చాను.

నా పనేమిటో ముందు చెప్తాను. గేములో మీరు చూసే మనుషుల్ని నేను తయారుచేస్తాను. కంప్యూటర్లో మొదట ఒక ముద్ద ఉంటుంది, అచ్చం మట్టిముద్దలాగే. దాన్ని లాగుతాం, నొక్కుతాం, చెక్కుతాం. తల వస్తుంది, మెడ వస్తుంది, భుజాలు వస్తాయి. తర్వాత చర్మం, బట్టలు, జుట్టు. అదయ్యాక రిగ్గింగ్ చేసేవాళ్ళు లోపల ఎముకలు పెడతారు. ఆ ఎముకల్ని పట్టుకుని యానిమేటర్ నడిపిస్తారు, పరిగెత్తిస్తారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నాను? సినిమాలో హీరోయిన్ ఉందనుకోండి. ఆమె మనిషి. ఆమె ఒళ్ళు ఆమెది, నడక ఆమెది. షూటింగ్‌లో గాలి వీస్తే జుట్టు ఎగురుతుంది. అది ఎవరూ చెయ్యక్కర్లేదు. గేములో గాలికి జుట్టు ఎగరాలంటే ఎవరో ఒకరు కూర్చుని ఎగరెయ్యాలి. ఊపిరి తీసుకున్నప్పుడు ఛాతీ ఎంత పైకి లేవాలి అన్నదానికి ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు ఎవరో టైపు చేస్తారు. గేములో ఏదీ దానంతటదే రాదు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి, నేను మళ్ళీ మళ్ళీ ఇక్కడికే వస్తాను. ఏదీ దానంతటదే రాదు.

నా మొదటి ఉద్యోగంలో జరిగింది చెప్తాను. బయటి దేశాల గేములకు బొమ్మలు చేసిచ్చే ఆఫీసు అది. నాకు ఒక మహిళా సైనికురాలు వచ్చింది. నా పక్క సీటులో ఉన్న అబ్బాయికి అదే దళంలో ఉన్న మగ సైనికుడు వచ్చాడు. నా దగ్గరున్న రిఫరెన్స్ షీట్‌లో ఆమె జాకెట్ జిప్ మెడదాకా వేసి ఉంది. మంచు కొండల్లో యుద్ధం, మరి చలి కదా! మెడదాకా వేసే చేశాను. వారం తర్వాత క్లయింట్ నుంచి ఫీడ్‌బ్యాక్ వచ్చింది. నా బొమ్మ ఫొటో మీద ఎర్ర గీత గీసి, జిప్ ఇక్కడిదాకా దించండి అన్నారు. దించాను. రెండో రౌండ్‌లో ఇంకొంచెం అన్నారు. ఇంకొంచెం దించాను. మూడో రౌండ్‌లో నడుము సన్నం చెయ్యమన్నారు, రొమ్ములకు విడిగా ఎముకలు పెట్టమన్నారు. అవును, ఎముకలే. పరిగెత్తినప్పుడు ఊగడానికి. నిజం మనిషికి అక్కడ ఎముకలుండవు. మేం పెట్టాం.

మరి పక్క సీటు అబ్బాయికి ఏం వచ్చిందో తెలుసా? తుపాకీ మీద తుప్పు ఇంకాస్త కావాలన్నారు. చెంప మీద గాటు పాతదిలా కనపడాలన్నారు. అంటే వాడికి ఒక గతం ఇచ్చారు. ఆ గాటు ఎప్పుడు పడింది, ఎవరు కొట్టారు అని ఆడేవాడు ఆలోచించుకోవడానికి చోటు ఇచ్చారు. నా బొమ్మకు మూడు రౌండ్లలో ఒక్కసారి కూడా, ఈమె ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చింది అన్న ప్రశ్న రాలేదు. నేనూ అడగలేదు. చెప్పింది చేసి ఇచ్చేశాను. అప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు.

ఆ తర్వాత ఏ గేము చూసినా నాకు ఆ ఎర్ర గీతే కనపడేది. ఇక్కడ గీత ఎవరు గీశారు? ఈ జిప్ ఎవరు దించారు?

కాస్త వెనక్కి వెళ్దాం. 1981లో డాంకీ కాంగ్ అని ఒక గేము వచ్చింది. మన మారియో పుట్టింది అందులోనే. ఒక పెద్ద కోతి ఒకమ్మాయిని ఎత్తుకుపోయి పైన కూర్చుంటుంది, కింద నుంచి ఇతను నిచ్చెనలెక్కి వెళ్ళాలి. ఆ అమ్మాయి చేసే పనేమిటి? అరవడం. 1985లో సూపర్ మారియో బ్రదర్స్ వచ్చింది. ఒక్కో కోట దాటి వెళ్తే, మా రాకుమారి వేరే కోటలో ఉంది అని చెప్తారు. ఆ రాకుమారి గేము చివర బహుమతి. మనకిది కొత్తేమీ కాదు. ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో చిలుకలో ప్రాణం ఉన్న మాంత్రికుడు, వాడు ఎత్తుకుపోయిన రాజకుమార్తె... మనం వింటూ పెరిగినవే. కథ వింటే సరిపోతుంది, అక్కడ మన చేతికి పనేమీ ఉండదు. గేములో మాత్రం మన చేతులతో మనమే గంటలకొద్దీ కష్టపడి, ఆ కష్టానికి కూలిగా ఒక మనిషిని తీసుకుంటాం. తేడా అక్కడుంది.

బహుమతి అన్నాను కదా, దాని మీద కాసేపు ఉందాం. 1986లో మెట్రాయిడ్ అని వచ్చింది. చాలా గొప్ప గేము, అందులో అనుమానం లేదు. అంతరిక్షంలో ఒక యోధుడు, ఒళ్ళంతా ఇనుప సూట్, తలకు హెల్మెట్. పేరు సామస్ అరన్. అమెరికాలో అమ్మిన కాపీతో వచ్చిన పుస్తకంలో ఈ యోధుడి గురించి మగవాడన్నట్టే రాశారు. గేము అయిపోయాక తెలుస్తుంది, లోపల ఉన్నది ఆడమనిషి అని. ఎంత మంచి ఆలోచన! నువ్వు ఇన్ని గంటలు గెలిచింది ఒక ఆడమనిషిగా అని ఆఖర్న చెప్పడం! కానీ ఎలా చెప్పారు? 5 గంటల లోపు పూర్తి చేస్తే హెల్మెట్ తీస్తుంది. 3 గంటల లోపు పూర్తి చేస్తే సూట్ తీసి ఒంటికి అతుక్కునే బట్టల్లో నిలబడుతుంది. గంట లోపు పూర్తి చేస్తే బికినీలో నిలబడుతుంది. నువ్వు ఎంత బాగా ఆడితే ఆమె ఒంటి మీద బట్ట అంత తగ్గుతుంది. ఒక్కసారి ఆలోచించండి. అన్ని గంటలు ఆమే నువ్వు. ఆమె కాళ్ళతోనే దూకావు, ఆమె చేత్తోనే కాల్చావు. చివర్లో ఒక్క క్షణంలో నువ్వు వేరు, ఆమె వేరు అయిపోయింది. నువ్వు చూసేవాడివి, ఆమె చూపించేది.

ఈ గదిలో ఆ గేము ఆడినవాళ్ళు ఒకరో ఇద్దరో ఉండవచ్చు. కానీ లారా క్రాఫ్ట్ పేరు విననివాళ్ళు ఉన్నారా? లేరు కదా. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా పెదనాన్నవాళ్ళింట్లో కంప్యూటర్ ఉండేది. అన్నయ్య ట్యూషన్‌కి వెళ్ళగానే నేను కూర్చునేదాన్ని. ఆ ఆట టూంబ్ రైడర్, లారా అందులో నాయిక. అది 1996లో ఇంగ్లండ్‌లోని డెర్బీ ఊళ్ళో కోర్ డిజైన్ అనే చిన్న స్టూడియోలో తయారైంది. ఒంటరిగా గుహల్లోకి వెళ్తుంది, ఎవర్నీ సాయం అడగదు, తోడేళ్ళను కాలుస్తుంది, గట్టు పట్టుకుని వేలాడుతుంది. గట్టు ఎక్కేటప్పుడు ఒక బటన్ నొక్కి పట్టుకుంటే మామూలుగా ఎక్కకుండా, చేతుల మీద తలకిందులుగా నిలబడి, మెల్లగా కాళ్ళు దించుతుంది. దానివల్ల గేములో ఏ లాభమూ లేదు. పాయింట్లు రావు. నేను అదే పదేపదే చేసేదాన్ని. ఒకమ్మాయి తన ఒంటితో తనకోసం అంత హాయిగా, అంత గర్వంగా ఏదైనా చెయ్యడం నేను తెర మీద అంతకుముందు చూడలేదు.

అదే లారాకు పోస్టర్లలో ఏం జరిగింది? పోస్టర్ల లారా గుహల్లోకి పోదు. ఒళ్ళు విరుచుకుని నిలబడుతుంది. ఆమెలా బట్టలేసుకుని జనం మధ్య తిరగడానికి మోడళ్ళను పెట్టారు. ఆమెను గీసిన టోబీ గార్డ్ 1997లోనే ఆ స్టూడియో వదిలి వెళ్ళిపోయాడు. తను గీసిన మనిషిని అమ్ముతున్న తీరు అతనికి నచ్చలేదు. కోట్ల డబ్బు వచ్చే చోటు నుంచి లేచి వెళ్ళిపోవడం చిన్న విషయం కాదు. ఆ గేములో బట్టల్లేని లారా ఎక్కడో దాగి ఉందని ఒక పుకారు పుట్టింది. అలాంటిదేమీ లేదు. తర్వాత ఎవరో బయటివాళ్ళు దానికోసమే ప్యాచ్, అంటే గేమును మార్చే చిన్న ప్రోగ్రామ్, తయారుచేశారు. నేను తలకిందులుగా నిలబెట్టి మురిసిపోయిన లారా ఒకరు, వాళ్ళు వెతుక్కున్న లారా ఒకరు. గేము మాత్రం ఒకటే.

2013లో లారాను మళ్ళీ కొత్తగా చేశారు. ఈసారి కథ రాసింది రియానా ప్రాచెట్, ఆడమనిషే. ఒళ్ళు మామూలు మనిషి ఒళ్ళులా ఉంది, నిక్కరు పోయి ప్యాంటు వచ్చింది, ముఖంలో భయం ఉంది, బాధ ఉంది. నాకు ఆ గేము చాలా ఇష్టం. అయినా ఒకటి చెప్పాలి. అందులో ఒక నది సీన్ ఉంది. కొట్టుకుపోతూ మీరు ఒక బటన్ సరిగ్గా నొక్కకపోతే ఒక ఊచ ఆమె గొంతులోంచి దిగుతుంది. చటుక్కున ఆట ఆగిపోదు. కెమెరా అక్కడే ఉంటుంది. ఆమె గిలగిల కొట్టుకోవడం చూపిస్తుంది. అప్పుడు నాకేమనిపించిందంటే, ఒంటి కొలతలు మార్చారు గానీ ఆ ఒంటి మీద వాలిన చూపు మాత్రం పూర్తిగా పక్కకు పోలేదు అని. గేము రాకముందు దాని నిర్మాత ఒకాయన, ఆడేవాళ్ళకు ఆమెను కాపాడాలనిపిస్తుంది అన్నట్టు మాట్లాడితే పెద్ద గొడవే అయింది. మగ హీరోను ఆడేటప్పుడు, పాపం వీణ్ణి కాపాడాలి అని మనకు ఎప్పుడైనా అనిపించిందా? వాడుగా మనం ఉంటాం, అంతే.

కెమెరా గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. మన సినిమా పాటల్లో కెమెరా ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. గేములో అదే కెమెరాకు పక్కన ఒక సాకు కూడా ఉంటుంది. 2015లో వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ 5లో క్వయెట్ అని ఒక పాత్ర ఉంది. గురి తప్పని స్నైపర్. యుద్ధభూమిలో, ఎడారిలో, చుట్టూ అందరూ నిండా బట్టలేసుకుని ఉంటే ఆమె ఒక్కతే బికినీలాంటి దాంట్లో, చిరిగిన స్టాకింగ్స్‌తో తిరుగుతుంది. ఎందుకు? ఆమె చర్మంతో ఊపిరి పీల్చుకుంటుందట. బట్టలేస్తే ఊపిరాడదట. ఇంకా ఒకటి, ఆమె మాట్లాడదు. దానికీ కథలో కారణం ఉంది. గేము రాకముందే విమర్శలు వస్తే దర్శకుడు హిదేవో కోజిమా, అసలు కారణం తెలిశాక మీ మాటలకు మీరే సిగ్గుపడతారు అనే అర్థంలో అన్నాడు. కారణం తెలిసింది. నాకైతే సిగ్గు కలగలేదు. కథలో కారణం రాసింది ఎవరు? వాళ్ళే. చర్మంతో పీల్చుకునే జబ్బు పెట్టింది ఎవరు? వాళ్ళే. దానంతటదే రాలేదు. ముందు జిప్ దించారు, తర్వాత ఎండలు మండుతున్నాయి అని రాశారు.

ఇది ఎక్కువ చూపించడం. అసలు చూపించకపోవడం ఇంకొకటి ఉంది. 2014లో అసాసిన్స్ క్రీడ్ యూనిటీ అనే గేము గురించి ప్రకటించారు. ఫ్రెంచి విప్లవం, పారిస్ వీధులు. నలుగురు స్నేహితులు కలిసి ఆడుకోవచ్చు, కానీ నలుగురూ మగవాళ్ళే. ఆడపాత్ర ఎందుకు లేదని అడిగితే, దాన్ని తయారుచేసిన కంపెనీ యూబీసాఫ్ట్‌వాళ్ళు అది రెట్టింపు పని, యానిమేషన్లన్నీ మళ్ళీ చెయ్యాలి అన్నారు. నాలాంటి పని చేసేవాళ్ళకు అది వినగానే ఎలా ఉంటుంది? అదే వరస గేముల్లో ముందు యానిమేషన్ చూసిన జొనాథన్ కూపర్ అనే ఆయన, నా లెక్క ప్రకారం అది ఒకటి రెండు రోజుల పని అని బయటికే చెప్పేశాడు. నేనూ అదే అంటాను. ఒక అస్థిపంజరం మీద చేసిన నడకను ఇంకో అస్థిపంజరం మీదికి మార్చుకోవడం మేం రోజూ చేసే పనే. ఇంకో సంగతి వినండి. ఆ గేము నడిచే విప్లవంలోనే, 1793లో, షార్లెట్ కోర్డే అనే పాతికేళ్ళు కూడా నిండని అమ్మాయి పారిస్‌కి వచ్చి, కత్తి కొనుక్కుని, మారా అనే నాయకుణ్ణి స్నానాల తొట్టిలో పొడిచి చంపింది. అది మంచో చెడో చరిత్ర చదివేవాళ్ళు తేల్చుకుంటారు. నేననేది ఏమిటంటే, హంతకుల గురించి గేము చేస్తూ, ఆ కాలంలో అందరికీ తెలిసిన హంతకురాలు కళ్ళ ముందుండగా, ఆడమనిషిగా ఆడటానికి వీల్లేదనడం ఏమిటి?

ఆడపాత్ర అమ్ముడుపోదు అన్న మాట ఈ పరిశ్రమలో చాలా పాతది. అదే కంపెనీ 2018లో అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ తెచ్చింది. అందులో కసాండ్రా అనే ఆడపాత్ర, అలెక్సియోస్ అనే మగపాత్ర, ఎవర్ని కావాలంటే వాళ్ళను ఎంచుకోవచ్చు. తయారుచేసేవాళ్ళు మొదట కసాండ్రా ఒక్కదాన్నే అనుకున్నారనీ, పైవాళ్ళు ఆడవాళ్ళు అమ్ముడుపోరని ఒప్పుకోలేదనీ 2020లో బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ రాసింది. మరి 2017లో వచ్చిన హొరైజన్ జీరో డాన్ సంగతేమిటి? ఏలోయ్ అనే అమ్మాయి ఒక్కతే నాయిక. 2 కోట్లకు పైగా కాపీలు అమ్ముడుపోయాయి. ఇంతకంటే ఏం చెప్పాలి?

లెక్కల దాకా వచ్చాను కాబట్టి ఇంకో రెండే రెండు చెప్తాను. 1983 నుంచి 2014 వరకు వచ్చిన 571 గేముల్లో ఆడపాత్రలను కొందరు పరిశోధకులు వరసగా చూశారు. ఒంటిని చూపించడం 1990ల్లో బాగా ఎక్కువగా ఉందనీ, 2006 తర్వాత తగ్గుతూ వచ్చిందనీ తేలింది. అంటే మారుతోంది. ఇది మంచి కబురు, దాచకుండా చెప్పాలి. అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి మారింది. రెండోది 2023లో వచ్చింది. 50 గేముల్లో 13 వేలకు పైగా పాత్రలు మాట్లాడే మాటలన్నీ లెక్కపెట్టారు. మగపాత్రలు ఆడపాత్రల కంటే రెట్టింపు మాట్లాడుతున్నాయి. బట్టలు కొలిచినంత శ్రద్ధగా మనం మాటలు కొలవం. నాకు ఈ రెండో లెక్కే ఎక్కువ బాధ కలిగించింది. జిప్ పైకి లాగితే సగం పనే అయింది. నోరు కూడా తెరవనివ్వాలి కదా.

నోరు తెరిచినవాళ్ళకు ఏమైందో కూడా చెప్పాలి. అనిత సార్కీసియన్ అని అమెరికాలో ఒకామె ఉంది. 2012లో, గేముల్లో ఆడవాళ్ళను ఎలా చూపిస్తున్నారో వివరంగా వీడియోలు చేస్తాను, 6 వేల డాలర్లు చందా ఇవ్వండి అని అడిగింది. జనం లక్షా 58 వేల డాలర్లు పైనే ఇచ్చారు. అదే సమయంలో ఆమె మీద విరుచుకుపడ్డవాళ్ళకూ లెక్కలేదు. చంపుతాం, చెరుస్తాం అని రోజూ సందేశాలు. ఒకతను ఆమె ఫొటో పెట్టి ఒక గేము తయారుచేశాడు. మౌస్ నొక్కినకొద్దీ ఆమె ముఖం కమిలిపోతుంది. పెదవులు చిట్లుతాయి. ఒక్క నిమిషం. ఇది నా పని చేసే మనిషి చెయ్యగల పని. కంటి కింద వాపు ఎంత ఉండాలి, రక్తం ఏ రంగు, ఎవరో కూర్చుని చేశారు. 2014 అక్టోబరులో యూటా రాష్ట్రంలో ఒక విశ్వవిద్యాలయంలో ఆమె మాట్లాడాల్సి ఉంది. వస్తే కాల్పులు జరుపుతామని బెదిరింపు వచ్చింది. సభలోకి తుపాకులు తేకుండా ఆపడానికి అక్కడి చట్టం ఒప్పుకోదన్నారు. ఆమె ప్రసంగం రద్దు చేసుకుంది. నేను ఇవాళ ఈ హాల్లో మైకు ముందు నిలబడి ఇదే విషయం మాట్లాడుతున్నాను. ఆమె నిలబడలేకపోయింది.

ఇది అమెరికాలో కదా అనుకోకండి. మా అక్క కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. హాస్టల్లో రాత్రి పూట ఫోన్లో బీజీఎంఐ అనే, జట్టుగా ఆడే తుపాకుల గేము ఆడుతుంది, బాగా ఆడుతుంది. పోయిన దసరాకి ఇంటికొచ్చినప్పుడు దాని పక్కన కూర్చుని చూశాను. ఐడీలో అబ్బాయి పేరు ఉంది. మైక్ ఆఫ్‌లో ఉంది. స్క్వాడ్‌లో మిగతా ముగ్గురూ అరుచుకుంటున్నారు, ఎడమ పక్క ఇంట్లో శత్రువు, మెడికిట్ ఉందా అని. ఇది వింటోంది గానీ జవాబు చెప్పదు. మెడికిట్ దీని దగ్గరుంది. వెళ్ళి వాళ్ళ ముందు నేల మీద పడేసి వచ్చింది. ఎందుకే, మాట్లాడొచ్చు కదా అన్నాను. "పిన్నీ, అమ్మాయి గొంతు వినపడితే ఇంక గేము ఆడనివ్వరు. ముందు నంబరు అడుగుతారు. ఇవ్వకపోతే బూతులు. ఒకడైతే ఆటయ్యేదాకా ఒక్క తూటా కూడా కాల్చకుండా నా వెనకే తిరిగాడు" అంది. మామూలుగా, పెద్ద విషయం కానట్టు చెప్పింది. నాకు అన్నం సయించలేదు ఆ రాత్రి.

గేముల్లో బొమ్మల వల్లే అబ్బాయిలు ఇలా అవుతున్నారని నేను అనను. అంత తేలిగ్గా ఒక్కచోట తప్పు పెట్టి చేతులు దులుపుకోలేం. వీధిలో, బస్సులో, కాలేజీ గేటు దగ్గర ఇదే చూపు ఉంది. కానీ ఏళ్ళ తరబడి ఆట చివర ఆడమనిషిని బహుమతిగా పెట్టి, ఆటలోకి ఆడమనిషి తనే వచ్చి తుపాకీ పట్టుకుంటే ఆమె ఇక్కడ ఆడటానికి వచ్చింది అని ఎవరికి తోస్తుంది?

ఇప్పుడు ముందు వరసలో ఒక పెద్దాయన మనసులో ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఇవన్నీ నిషేధించేస్తే సరి, బట్టలు నిండా వేస్తే సరి అనుకుంటున్నారు. అయ్యా, నేను ఆ మాట చెప్పడానికి రాలేదు. 2021లో కాలిఫోర్నియాలో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే పెద్ద కంపెనీ మీద, ఆడ ఉద్యోగుల పట్ల వివక్ష, వేధింపుల ఆరోపణలతో అక్కడి ప్రభుత్వ శాఖే కేసు వేసింది. ఉద్యోగులు ఆఫీసులు వదిలి బయటికొచ్చి నిరసన తెలిపారు. ఆ తర్వాత వాళ్ళ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ గేములో ఏం మార్చారో తెలుసా? గోడ మీద వేలాడే ఒక ఆడమనిషి చిత్రపటం తీసేసి, అక్కడ పళ్ళ గిన్నె బొమ్మ పెట్టారు. ఉద్యోగులు అడిగింది పళ్ళ గిన్నెనా? ఆఫీసులో మనుషుల్ని మనుషుల్లా చూడమని అడిగారు.

మనం ఉన్న ఊరు ఏది? ఇక్కణ్ణుంచి కాస్త దూరం పోతే పాలంపేట, రామప్ప గుడి. 1213 నాటిది. ఒంటి మీద బట్ట పెద్దగా లేకుండా నల్లరాతి మదనికలు నిలబడి ఉంటారు. మీరంతా పిల్లల్ని తీసుకెళ్ళి చూపించారు, ఫొటోలు దిగారు. నేను బొమ్మలు చెయ్యడం మొదలుపెట్టాక వెళ్ళి వాళ్ళను ఇంకోలా చూశాను. ఒక కాలి మీద బరువు వేస్తే ఏ వైపు నడుము లేస్తుందో, ఏ భుజం దిగుతుందో ఆ శిల్పికి తెలుసు. వాళ్ళ బరువు వాళ్ళ కాళ్ళ మీద ఉంది. గేము పోస్టర్లలో ఒక భంగిమ ఉంటుంది, మీరు చూసే ఉంటారు. వెనక భాగం, ఛాతీ రెండూ ఒకేసారి కనపడేలా వెన్నును మెలితిప్పుతారు. నా ఎముకల రిగ్ మీద ఆ భంగిమ పెడితే నడుము దగ్గర విరిగిపోతుంది. ఏ మనిషీ అలా నిలబడలేరు. అక్కడ నిలబడింది మనిషి కాదు.

కాబట్టి ఒళ్ళు తప్పు కాదు, కోరికా తప్పు కాదు. అది ఎవరి కోరిక అనేదే నా ప్రశ్న. 2009లో వచ్చిన బయొనెట్టా అనే గేములో అదే పేరున్న నాయిక గురించి ఆడవాళ్ళలోనే రెండు మాటలున్నాయి. జుట్టే ఆమె బట్టలు, ఆ జుట్టుతోనే యుద్ధం చేస్తుంది, పెద్ద దెబ్బ కొట్టినప్పుడల్లా బట్ట జారుతుంది. ఆమెను గీసింది మారి షిమజాకి అనే ఆడ ఆర్టిస్ట్. ఇది కూడా ఆ పాత చూపే అంటారు కొందరు, కాదు ఆమె తన ఒంటికి తనే రాణి అంటారు ఇంకొందరు. నాకు ఆమె నచ్చుతుంది, కెమెరా నచ్చదు. రెండూ ఒకేసారి అనిపించవచ్చు.

నాకు మనసు నిండింది మాత్రం 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 దగ్గర. అది పెద్దవాళ్ళ గేము, చిన్నపిల్లలు ఆడేది కాదు, ఇది ముందే చెప్తున్నాను. అందులో కార్లాక్ అని ఒక యోధురాలు ఉంది. మీకంటే ఎత్తు, చేతులు గొడ్డళ్ళు తిప్పిన చేతులే. ఆమె గుండె తీసేసి, నరకంలో చేసిన ఒక యంత్రం పెట్టారు. అది మండుతూనే ఉంటుంది. ఆమెను ఎవరు ముట్టుకున్నా కాలిపోతారు. పదేళ్ళు ఆమెను ఎవరూ ముట్టుకోలేదు. ఆమె దీని గురించి సిగ్గుపడదు, నోరు తెరిచి చెప్తుంది. నాకు ఒక మనిషి స్పర్శ కావాలి అంటుంది. ఒక కమ్మరి ఆ యంత్రాన్ని బాగుచేశాక, మొదటిసారి ఆమెను కౌగిలించుకోవచ్చు. ఆ సీన్‌లో బట్టలు ఎంత ఉన్నాయో నాకు గుర్తులేదు. ఆమె ముఖం గుర్తుంది. ఇనుప సూట్‌లో మెట్రాయిడ్ సామస్ గుర్తొచ్చింది నాకు. ఆమెకేం కావాలో అప్పుడు ఎవరూ అడగలేదు. ఇక్కడ అడిగారు. ఆ కళ్ళల్లో నీళ్ళు, ఆ వణికే పెదవి కూడా దానంతటదే రాలేదు. ఎవరో నాలాంటివాళ్ళు ఎన్నో రాత్రులు కూర్చుని చేశారు.

నా టైమ్ అయిపోతోందని నిర్వాహకులు సైగ చేస్తున్నారు. ఈ లాప్‌టాప్‌లో నేను ఒక బొమ్మ తెచ్చాను. బొగ్గు గనిలో పనిచేసే అమ్మాయి, ఇంకా పూర్తికాలేదు. ఒళ్ళు అయింది, బట్టలు వెయ్యలేదు. కంగారు పడకండి, బూడిదరంగు ముద్ద అంతే. ముగించాక ఆసక్తి ఉన్నవాళ్ళు ముందుకొచ్చి చూడండి, ఎముకలు ఎక్కడెక్కడ పెడతామో చూపిస్తాను. ఆమెకు చేతి మీద గాటు ఉండాలా, చెంప మీదా, అసలు వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మీరు చెప్పండి, అది ఎలా పడిందో కూడా చెప్పండి.

ఇక ప్రశ్నలు. బాబూ, నువ్వు తర్వాత. ఆ స్తంభం పక్కన అమ్మాయి చాలాసేపట్నుంచి చెయ్యెత్తి ఉంది. మైక్ అటు ఇవ్వండి.